బల్లకట్టు మీద సముద్రానికి

కృష్ణ మీద బల్లకట్టు ఎక్కినవాళ్ళకీ, కోనసీమలో పంటు మీద గోదావరి పాయ దాటినవాళ్ళకీ ఒక సంగతి అనుభవమే. నాటుపడవలో ఒక్కడు లేచి నుంచుంటే చాలు, పడవంతా ఊగిపోతుంది. బల్లకట్టు మీదికి మోటారుసైకిళ్ళు, బస్తాలు, పెళ్ళివారి కారు ఎక్కినా అది కాస్త ఒక పక్కకి ఒరిగి మళ్ళీ సర్దుకుంటుంది. అందులో మాయేమీ లేదు. పక్కపక్కన ఎడంగా రెండు పడవలు, వాటిమీద అడ్డదూలాలు, దూలాలమీద బల్లలు. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషిని తోసి పడెయ్యడం ఎంత కష్టమో, దీన్ని తిరగెయ్యడమూ అంతే కష్టం.

ఈ బల్లకట్టుకే సోఫాలు వేసి, ఎండకి గుడారం కట్టి, వెనక మోటారు తగిలిస్తే అమెరికావాళ్ళు పాంటూన్ బోటు అంటారు. 1952లో మిన్నెసోటా రాష్ట్రంలో ఆంబ్రోస్ వీరెస్ అనే రైతు ఇనప పీపాలను వరసగా అతికించి రెండు పొడుగాటి దుంగల్లా చేశాడు. వాటిమీద చెక్క అరుగు బిగించి దగ్గర్లోని సరస్సులోకి దించాడు. ఆ పీపాల చోట ఇప్పుడు అల్యూమినియం గొట్టాలు వచ్చాయి, అరుగు మీదికి రంగురంగుల లైట్లు వచ్చాయి. పుట్టుక మాత్రం మారలేదు. అది అలల్లేని మంచినీళ్ళ కోసం పుట్టిన పడవ.

టెక్సస్‌లో హ్యూస్టన్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకి గాల్వెస్టన్ బే అనే ఉప్పునీటి అఖాతం కారులో కొద్దిసేపటి ప్రయాణం. రెండు కుటుంబాలు కలిసి వారాంతంలో నీళ్ళమీద గడపాలంటే ఈ బోటంత సుఖమైనది ఇంకోటి లేదు. పదిమంది కూర్చోవచ్చు. అమ్మమ్మ కూడా కుచ్చెళ్ళు తడవకుండా రేవులోంచి నేరుగా నడిచి ఎక్కొచ్చు. మధ్యలో పులిహోర డబ్బా తెరిచి వడ్డించుకోవచ్చు. అందుకే ఈ సరస్సు పడవని ఉప్పునీళ్ళకి తెచ్చుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. తెచ్చుకోవచ్చు కూడా, ఏది తెచ్చుకుంటున్నామో తెలిస్తే.

షోరూములో సేల్స్‌మన్ చూపించేవి డెక్కు పైన ఉన్నవి: సోఫాలు, గ్లాసు పెట్టుకునే గుంటలు, స్పీకర్లు. ఉప్పునీళ్ళలో గాలి లేచిన రోజున మిమ్మల్ని ఇంటికి చేర్చేవి డెక్కు కింద ఉంటాయి. ఈ వ్యాసమంతా ఆ కింది సంగతులే.

ముందు నీళ్ళు

బోటు కొనడానికి బయల్దేరినవాళ్ళు మొదట పొడవు అడుగుతారు, తర్వాత ధర అడుగుతారు. ఏ నీళ్ళలో తిరుగుతాం అన్నది అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న.

గాల్వెస్టన్ బే విస్తీర్ణం దాదాపు 600 చదరపు మైళ్ళు. ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనపడని చోట్లున్నాయి. లోతు చూస్తే సగటున ఏడడుగులే. చెయ్యెత్తి నిలబడితే మీ వేళ్ళు నీటిమట్టాన్ని తాకుతాయి. లోతు తక్కువ కనక భయమూ తక్కువే అనుకుంటాం. అలల విషయంలో ఈ లెక్క తిరగబడుతుంది. లోతైన సముద్రంలో అల పొడుగ్గా, నిదానంగా వస్తుంది. పడవ దానిమీదికి ఎక్కి దిగుతుంది. లోతులేని చోట గాలి లేపిన అలలు పొట్టిగా, నిటారుగా, ఊపిరి తీసుకోనివ్వకుండా ఒకదాని వెనక ఒకటి వచ్చి పడతాయి. ఇరవై రెండడుగుల బోటు ముక్కు ఒక గుంటలోకి దిగే వేళకి తోక ఇంకో అల మీద ఉంటుంది.

రెండో సంగతి ఓడలు. హ్యూస్టన్ రేవుకి వెళ్ళే ఓడల కాలువ ఈ బే నడుమ నుంచే పోతుంది. చమురు ట్యాంకరు పోతుంటే దాని వెనక లేచిన అల, కాలువ అంచు దాటి మెరకమీదికి వచ్చి విరుగుతుంది. ఆ అలల మీద పలకలు వేసుకుని సర్ఫింగ్ చేసేవాళ్ళున్నారంటే అవి ఎంతటివో ఊహించుకోండి. ఓడ దూరంగా వెళ్ళిపోయింది కదా అని అటువైపు వీపు పెట్టి కూర్చుంటే, అల కాసేపాగి వచ్చి పలకరిస్తుంది.

మూడోది మొగ. గాల్వెస్టన్ దీవికీ బొలివర్ ద్వీపకల్పానికీ మధ్య ఈ బే గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కలుస్తుంది. పాటు మీద నీళ్ళు బయటికి లాగుతున్నప్పుడు ఎదురుగా సముద్రపు గాలి వీస్తే అలలు పొడవు తగ్గి, ఎత్తు పెరిగి, గోడల్లా లేస్తాయి. మన తీరంలోనూ పడవ నడిపేవాళ్ళు మొగ దాటేటప్పుడే మాటలు ఆపి నీళ్ళకేసి చూస్తారు.

చలికాలంలో ఇంకొక చిక్కుంది. ఉత్తరగాలి గట్టిగా వీచిందంటే బేలో నీళ్ళను సముద్రంలోకి తోసేస్తుంది. పోయిన వారం తేలిగ్గా దాటిన చోట ఈ వారం ఆల్చిప్పల దిబ్బలు బయటపడతాయి. వాటి అంచులు కత్తుల్లాంటివి. చాలా బోట్లలో గొట్టం రేకు మందం రెండున్నర మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది.

కాబట్టి నీళ్ళను మూడు రకాలుగా విడగొట్టుకోండి. ఇళ్ళ వెనక కాలువలు, ఉప్పుటేర్లు, గట్ల మధ్య నడిచే తీరపు జలమార్గం మొదటి రకం. ఇక్కడ ఏ పాంటూన్ అయినా తిరుగుతుంది. బే నడిబొడ్డు రెండో రకం. ఇక్కడికి గట్టి బోటు, మంచి రోజు రెండూ కావాలి. మొగ దగ్గరి జెట్టీ రాళ్ళు దాటిన బయటి సముద్రం మూడో రకం. అది పాంటూన్ చోటు కాదు. చేపల కోసం తరచూ అక్కడికి వెళ్ళాలని ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో మడిచి, అడుగుభాగం కోసుగా ఉండే మామూలు సముద్రపు బోటు చూసుకోవడం మంచిది.

గొట్టాల లెక్క

బోటు మోసే శక్తి గొట్టం లావుని బట్టి ఉంటుంది. 23, 25, 27 అంగుళాల వ్యాసం ఉన్నవి దొరుకుతాయి. ఇరవై మూడుకీ ఇరవై అయిదుకీ తేడా రెండంగుళాలే అనిపిస్తుంది. కాని గొట్టంలో పట్టే గాలి వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనక ఆ రెండంగుళాలకి 18 శాతం తేడా వస్తుంది. 22 అడుగుల పొడవున్న 23 అంగుళాల గొట్టం పూర్తిగా మునిగేలోపు ఉప్పునీళ్ళలో సుమారు 1,840 కిలోలు మోస్తుంది. 25 అంగుళాలదైతే 2,170 కిలోలు. ముందు భాగం సన్నబడి ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం తక్కువే, పోల్చి చూడటానికి ఈ అంకెలు చాలు.

ఇప్పుడు సంసారాన్ని ఎక్కిద్దాం. రెండు గొట్టాల 22 అడుగుల బోటు ఒట్టిది సుమారు 1,050 కిలోలు అనుకోండి. 115 హార్స్‌పవర్ మోటారు 170 కిలోలు. ముప్ఫై గ్యాలన్ల పెట్రోలు 83. పదిమంది మనుషులు 730. బ్యాటరీ, లంగరు, ఐసుపెట్టె, తిండి సామాను ఓ వంద. మొత్తం 2,130 దాటింది.

23 అంగుళాల గొట్టాలు రెండూ కలిసి మోయగలిగింది 3,680. అంటే రేవులో కట్టేసి ఉండగానే గొట్టాలు 58 శాతం మునిగి ఉంటాయి. 25 అంగుళాలవైతే 49 శాతం. మూడు గొట్టాల బోటుని ట్రైటూన్ అంటారు. దాని ఒట్టి బరువు ఎక్కువ, దానికి పెట్టే 150 హార్స్‌పవర్ మోటారు బరువూ ఎక్కువే. అదే పదిమందితో మొత్తం 2,550 కిలోల దాకా తూగుతుంది. అయితే మూడు 25 అంగుళాల గొట్టాలు 6,500 కిలోలు మోస్తాయి. అందుకని 39 శాతమే మునుగుతుంది.

ఈ శాతాలను సెంటీమీటర్లలోకి మారిస్తే అసలు విషయం తేలుతుంది. మొదటి బోటులో నీటికి పైన మిగిలిన గొట్టం ఎత్తు పాతిక సెంటీమీటర్లు. ట్రైటూన్‌లో 37. ఆపైన కొద్ది ఎడంలో అడ్డదూలాలు మొదలవుతాయి. రెండడుగుల అల అంటే మామూలు మట్టానికి అడుగెత్తు పైకి లేచే నీరు, అంటే 30 సెంటీమీటర్లు. ఆ నీరు మొదటి బోటు దూలాలను కింద నుంచి సుత్తితో బాదినట్టు బాదుతుంది. రెండో బోటు కింద చాలావరకు జారిపోతుంది. పైన సోఫాలు రెండింటిలోనూ ఒకలాగే ఉంటాయి.

గొట్టం లోపల అడ్డగోడలు ఉన్నాయో లేదో అడగండి. గదులుగా విడగొట్టిన గొట్టానికి ఒక చోట చిల్లు పడితే ఆ గదిలోకే నీళ్ళు చేరతాయి, బోటు ఒడ్డు చేరుతుంది. గొట్టాల పక్కన పొడవునా రెక్కల్లాంటి పట్టీలు అతికించి ఉంటే వేగం అందుకున్నాక నీరు వాటికి తగిలి బోటుని పైకి లేపుతుంది. ఆ లేపు అలల మీద అక్కరకొస్తుంది.

వంగి చూడాల్సినవి

బోటు ట్రెయిలరు మీద ఉన్నప్పుడు మోకాళ్ళమీద కూర్చుని కిందికి చూడండి. సేల్స్‌మన్ ఏమన్నా అనుకోనివ్వండి.

అడ్డదూలాల మధ్య ఎడం కొలవండి. కొన్నింటిలో 24 అంగుళాలు, కొన్నింటిలో 16 ఉంటుంది. ఎడం తగ్గేకొద్దీ బోటు మెలితిరగడం తగ్గుతుంది. అలలు ఏటవాలుగా వచ్చినప్పుడు ఒక గొట్టం లేస్తే ఇంకోటి దిగుతుంది. ఆ మెలికని పట్టి ఉంచేవి ఈ దూలాలే. డెక్కు వాటికి ఎలా బిగించారో చూడండి. పైనుంచి కిందిదాకా దూసుకొచ్చి నట్టుతో బిగిసిన బోల్టు, పైపైన దిగిన స్క్రూకన్నా ఎక్కువకాలం నిలుస్తుంది.

దూలాలు బయటికి కనిపించకుండా కింద అల్యూమినియం రేకు కప్పి ఉంటే ఇంకా మంచిది. తెరిచి ఉన్న ప్రతి దూలమూ అలకి ఒక అడ్డుగోడ. రేకు ఉంటే నీరు జారిపోతుంది, వేగం తగ్గదు, జల్లు పైకి రాదు. డెక్కు ప్లైవుడ్‌దైతే నీటికి తట్టుకునే మందు పట్టించినదేనా, ఎన్నేళ్ళ హామీ ఇస్తున్నారు అని అడగాలి.

ముందువైపు కటకటాల గేటునీ గమనించండి. ముక్కు అలలోకి దిగితే నీరు డెక్కు మీదికి ఎగబాకుతుంది. ఆ నీరు వచ్చినంత తేలిగ్గా బయటికి పోయేలా కటకటాల అడుగున ఖాళీ ఉండాలి. నీరు నిలిచిపోతే ముందువైపు బరువు పెరిగి తర్వాతి అలకి ముక్కు ఇంకా కిందికి దిగుతుంది.

ఉప్పు చేసే పని

అల్యూమినియం తుప్పు పట్టదంటారు. ఇనుములా ఎర్రగా పట్టదు, అంతవరకే నిజం. గాలి తగలగానే దాని ఒంటిమీద ఒక పలచటి పొర ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. ఉప్పు ఆ పొరని అక్కడక్కడ తొలిచి గుంటలు పెడుతుంది. దీనికి తోడు పక్కనే స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు ఉంటే, రెండు లోహాలూ ఉప్పునీరూ కలిసి ఒక బ్యాటరీలా పనిచేస్తాయి. ఆ కరెంటుకి కరిగిపోయేది అల్యూమినియమే.

దీనికి విరుగుడుగా గొట్టాలకీ మోటారుకీ బలిపశువుల్లాంటి లోహపు ముక్కలు బిగిస్తారు. వీటిని ఆనోడ్లు అంటారు. అల్యూమినియంకన్నా ముందు అవి కరిగి దాన్ని కాపాడతాయి. మంచినీళ్ళలో మెగ్నీషియం ఆనోడ్లు వాడతారు. ఉప్పునీళ్ళకి జింకువి గానీ, ఈ పనికే తయారుచేసిన అల్యూమినియం మిశ్రమానివి గానీ కావాలి. నదినీరు, సముద్రపు నీరు కలిసే బేలలో అల్యూమినియం మిశ్రమం రెండు రకాల నీళ్ళకీ సరిపోతుంది. ఆనోడు సగం కరిగితే మార్చెయ్యాలి. దానికి రంగు వెయ్యకూడదు, రంగు వేస్తే పని చెయ్యదు. రెండేళ్ళయినా కొత్తగా మెరుస్తోందంటే సంతోషించకండి. దానికి కరెంటు తగలడం లేదని, దాని బదులు గొట్టమే కరుగుతోందని అనుమానించండి.

బోటుని నీళ్ళలోనే వదిలేస్తే వారాల్లో నాచు పడుతుంది, బార్నకిల్స్ అనే గుల్లలు అంటుకుంటాయి. వాటిని ఆపడానికి అడుగున పూసే రంగుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. అల్యూమినియం మీద మామూలు రాగి రంగు పూస్తే గొట్టాన్ని చేతులారా తినిపించినట్టే. అల్యూమినియానికి పనికొస్తుందని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్నదే కొనాలి. వీలుంటే రంగు జోలికే పోకుండా, తిరిగొచ్చాక బోటుని నీళ్ళపైకి ఎత్తి ఉంచే లిఫ్టు మీదో, ట్రెయిలరు మీదో పెట్టడం మేలు. ట్రెయిలరు కూడా జింకు పూత పట్టించిన ఇనుముదో, అల్యూమినియందో కావాలి. గొట్టాలు ఆనే చెక్కలు పుచ్చకుండా రాగి మందు పట్టించినవైతే, తడి ఆరని చోట ఆ రాగి గొట్టాన్ని తొలుస్తుంది. చాలామంది గమనించని చోటు ఇది.

తిరిగొచ్చిన ప్రతిసారీ చెయ్యాల్సిన పని ఒకటుంది. మంచినీళ్ళ గొట్టం పెట్టి మోటారు లోపలి దారులన్నీ పది, పదిహేను నిమిషాలు కడగాలి. ఈ మోటార్లు బయటి నీటినే లోపలికి పీల్చి చల్లబడతాయి. కడగకపోతే ఆ ఉప్పు లోపలే గడ్డకట్టి దారులు మూస్తుంది. బోటుని, ట్రెయిలరునీ కూడా కడగాలి. పిల్లలు నిద్రమత్తులో ఉన్నారనీ, చీకటి పడిందనీ వాయిదా వేసే ఇంట్లో ఉప్పునీళ్ళ బోటు ఎక్కువకాలం బతకదు.

మోటారు సంగతి

పాంటూన్‌కి వెనక తగిలించేది అవుట్‌బోర్డ్ మోటారు. యమహా, మెర్క్యురీ, సుజుకీ, హోండా ఎక్కువగా కనిపించే పేర్లు. ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది కనక పాత బోటుకి అది ఉంటే విడిభాగాలు, మెకానిక్కు దొరుకుతాయో లేదో ముందు చూసుకోండి. నిజానికి ఏ పేరైనా అంతే. మీ రేవుకి దగ్గర్లో ఏ కంపెనీ మోటారుని బాగుచేసే మెకానిక్కు ఉన్నాడో ఆ కంపెనీదే మీకు మంచి మోటారు.

ఎంత హార్స్‌పవర్ అన్నది అందరూ అడిగే ప్రశ్న. గట్ల మధ్య కాలువల్లో తిరిగే రెండు గొట్టాల 20, 22 అడుగుల బోటుకి 90 నుంచి 115 సరిపోతుంది. బేలో తిరిగే ట్రైటూన్‌కి 150 దగ్గర మొదలుపెట్టాలి. వేగం సరదా కోసం ఈ మాట చెప్పడం లేదు. మధ్యాహ్నం మబ్బు పట్టి, ఎదురుగాలి లేచి, పాటు నీరు వెనక్కి లాగుతున్నప్పుడు పదిమందిని మోసుకుని ఒడ్డుకి రావాలి. అప్పుడు మోటారు దగ్గర కొంత మిగులు ఉండాలి. బోటుకి బిగించిన పలక మీద గరిష్ఠ హార్స్‌పవర్, మనుషులు, బరువు రాసి ఉంటాయి. దానికి మించి పోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్నకి మీ దగ్గర జవాబుండదు.

హార్స్‌పవర్ ఒకటే అయినా మోటార్లు రెండు రకాలుగా దొరుకుతాయి. ఉదాహరణకి 60 హార్స్‌పవర్‌లో మామూలు రకానికి గేరు నిష్పత్తి 1.8 చుట్టూ ఉంటే, హై థ్రస్ట్ రకానికి 2.33 ఉంటుంది. రెండోదానికి పెద్ద ప్రొపెల్లరు పెట్టి, దాన్ని నిదానంగా, బలంగా తిప్పుతారు. మోటారుసైకిలుకీ ట్రాక్టరుకీ ఉన్న తేడా లాంటిది. పాంటూన్ బరువైనది, గాలికి కొట్టుకుపోయేది. ఎత్తయిన కటకటాలు, గుడారం తెరచాపలా పనిచేసి రేవులో కట్టేటప్పుడు బోటుని పక్కకి ఈడుస్తాయి. అప్పుడు వెనక్కీ ముందుకీ బలంగా నెట్టగల ట్రాక్టరు రకమే నయం.

షాఫ్టు పొడవు ఇంకో కీలకం. 20, 25 అంగుళాలవి ఎక్కువగా దొరుకుతాయి. మోటారు బిగించే పలక ఎత్తుకి తగ్గ షాఫ్టు ఎంచుకోవాలి. ట్రైటూన్లకి చాలావరకు 25 అంగుళాలది పడుతుంది. పొట్టి షాఫ్టు పెడితే అల మీద తోక లేచినప్పుడల్లా ప్రొపెల్లరు గాలిని పీల్చుకుంటుంది. మోటారు ఒక్కసారిగా అరుస్తుంది, బోటు మాత్రం కదలదు.

ప్రొపెల్లరు, పెట్రోలు

ప్రొపెల్లరు మీద రెండు అంకెలుంటాయి. మొదటిది వ్యాసం. రెండోది పిచ్, అంటే చెక్కలోకి మర దిగినట్టు ఒక్క చుట్టులో అది ఎంత ముందుకి పోవాలో ఆ కొలత. పిచ్ ఎక్కువైతే మోటారుకి బరువెక్కువ, టాప్ గేరులో కొండ ఎక్కినట్టు.

సరైన ప్రొపెల్లరు తెలుసుకోవడానికి ఒకే పరీక్ష. కుటుంబమంతా ఎక్కి, ట్యాంకు నిండా పెట్రోలు పోసి, పూర్తి వేగంతో నడపండి. చాలా మోటార్లకి అప్పుడు నిమిషానికి 5,000 నుంచి 6,000 చుట్లు తిరగాలని తయారీదారు చెబుతాడు. ముల్లు 4,700 దగ్గరే ఆగిపోతే పిచ్ తగ్గించాలి. ఒక్కో అంగుళానికి 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి కనక 15 పిచ్ ఉన్నచోట 13 పెడితే లెక్క సరిపోతుంది. అమ్మేవాడు ఒక్కడే ఎక్కి చూపించిన వేగాన్ని నమ్మకండి. మీ బరువుతోనే పరీక్ష.

పెట్రోలుకి ఒక కాకిలెక్క ఉంది. పూర్తి వేగంలో హార్స్‌పవర్‌ని పదితో భాగిస్తే గంటకి తాగే గ్యాలన్లు వస్తాయి. 115 మోటారు గంటకి పదకొండు గ్యాలన్ల పైచిలుకు. అంటే ముప్ఫై గ్యాలన్ల ట్యాంకు మూడు గంటలు కూడా రాదు. నెమ్మదిగా నడిపితే చాలా తగ్గుతుంది. అయినా మూడు వంతుల నియమం పాటించండి. వెళ్ళడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, గాలి తిరగబడితే ఒక వంతు. ముప్ఫైలో మీరు ముందుకి ఖర్చుపెట్టగలిగింది పదే. అమెరికా బంకుల్లో దొరికే పెట్రోలులో సాధారణంగా పది శాతం ఇథనాల్ కలుస్తుంది. అది తేమని పీల్చుకుంటుంది. అందుకని నీటిని వేరుచేసే ఫిల్టరు తప్పనిసరి.

చట్టం అడిగేవి, ప్రాణం అడిగేవి

మనిషికొక లైఫ్‌జాకెట్ చట్టం అడుగుతుంది. టెక్సస్‌లో 26 అడుగుల లోపు బోటు కదులుతున్నంతసేపూ 13 ఏళ్ళలోపు పిల్లలు దాన్ని తొడుక్కునే ఉండాలి. పెద్దవాళ్ళు తొడుక్కోవాలని చట్టం బలవంతం చెయ్యదు. అయితే కోస్ట్‌గార్డ్ ఏటా వెలువరించే నివేదికలు చూస్తే, నీట మునిగి చనిపోయినవారిలో ఎనభై శాతానికి పైగా లైఫ్‌జాకెట్ లేనివారే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదాన్ని మరిచిపోని తెలుగువాళ్ళకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. జాకెట్ సోఫా కింద అరలో ఉంటే ఉన్నట్టు కాదు.

2021 ఏప్రిల్ 1 నుంచి 26 అడుగుల లోపు బోట్లలో మోటారు ఆపే తాడుని వేగం పుంజుకున్నాక నడిపేవాళ్ళ ఒంటికి తగిలించుకోవాలి. నడిపేవాడు నీళ్ళలో పడితే మోటారు దానంతటదే ఆగుతుంది. గడువు దాటని మంటలార్పే సిలిండరు, విసరడానికి ఒక తేలే పరికరం, ఈల లేదా హారను, తీరజలాల్లో ఆపద సంకేతాలిచ్చే వెలుగులు కూడా ఉండాలి. టెక్సస్‌లో 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు 15 హార్స్‌పవర్ దాటిన బోటు నడపాలంటే శిక్షణ పూర్తిచెయ్యాలి. అంతకు ముందు పుట్టిన నాన్నలు కూడా పిల్లలతో పాటు కూర్చుని ఆ పాఠం వింటే తప్పులేదు.

చట్టం అడగనివి రెండు చెబుతాను. మొదటిది వీహెచ్ఎఫ్ రేడియో. బే నడుమ ఫోను సిగ్నలు పోవచ్చు. 16వ ఛానల్లో పిలిస్తే కోస్ట్‌గార్డే కాదు, చుట్టుపక్కల పడవలన్నీ వింటాయి. రెండోది ముందు గేటు. చల్లగా ఉంటుందని పిల్లలు కటకటాల బయట ముక్కు మీద కూర్చుని కాళ్ళు వేలాడేస్తారు. అక్కణ్ణుంచి జారితే రెండు గొట్టాల నడుమ నుంచి నేరుగా ప్రొపెల్లరు దగ్గరికే. బోటు కదిలిందంటే గేట్లు మూసి అందరూ లోపలే ఉండాలి. ఇందులో మినహాయింపు లేదు.

అలలు లేస్తే ముందు కూర్చున్నవాళ్ళని వెనక్కి పంపండి. మోటారుని కొంచెం పైకి వంచి ముక్కు ఎత్తండి. అలకి నేరుగా కాకుండా కాస్త ఏటవాలుగా వెళ్ళండి. భయంతో ఒక్కసారిగా వేగం తగ్గిస్తే మీ వెనక లేచిన అలే వచ్చి తోకని ఎత్తుతుంది, ముక్కు నీళ్ళలోకి దిగుతుంది. వేగం మెల్లగా తగ్గించాలి.

పాత బోటు చవగ్గా దొరికితే

ఉత్తరాది సరస్సుల నుంచి పాత పాంటూన్లు తీరానికి అమ్మకానికొస్తాయి. ఉప్పు తగలని మోటారు దొరకడం అదృష్టమే. కానీ ఆ బోటుకి మెగ్నీషియం ఆనోడ్లు ఉండొచ్చు. ఉప్పునీళ్ళలో అవి అతివేగంగా కరిగిపోతాయి, ఆ తర్వాత గొట్టానికి దిక్కుండదు. రంగు వేసిన మామూలు ఇనుము ట్రెయిలరు ఉండొచ్చు. మార్చాల్సినవన్నీ లెక్కవేసుకుని ధర మాట్లాడండి.

ఉప్పునీళ్ళలోనే తిరిగిన పాత బోటైతే గొట్టాల అతుకుల దగ్గరా, బోల్టుల చుట్టూ తెల్లటి పొడి, చిన్న గుంటలు ఉన్నాయేమో చూడండి. మోటారు నడుస్తుంటే వెనక నుంచి సన్నటి నీటిధార గట్టిగా రావాలి. మీకు నమ్మకమైన మెకానిక్కుతో సిలిండర్ల కంప్రెషన్ చూపించండి. ఆయనకిచ్చే రుసుము ఈ కొనుగోలు మొత్తంలో అన్నిటికన్నా లాభసాటి ఖర్చు.

మరి ఏది కొనాలి?

రేవు గట్ల మధ్యే తిరుగుతామనుకుంటే 25 అంగుళాల గొట్టాలు రెండు, 115 మోటారు చాలు. బే దాటి దాని ఒడ్డునున్న కీమా దాకానో, గాల్వెస్టన్ దాకానో పోవాలని ఉంటే 22 నుంచి 24 అడుగుల ట్రైటూన్, 25 అంగుళాల గొట్టాలు, కింద రేకు కప్పిన డెక్కు, 150 లేదా ఆపైన మోటారు, దానికి తగ్గ షాఫ్టు. డబ్బు చాలకపోతే సోఫాలు, స్పీకర్లు తగ్గించుకోండి. మూడో గొట్టాన్ని తగ్గించుకోకండి. సోఫా తర్వాత మార్చుకోవచ్చు. గొట్టం మార్చుకోలేం.

కొనేముందు ఒక పని చెయ్యండి. నీళ్ళు అద్దంలా ఉండే ఉదయంపూట కాకుండా, గాలి పది పదిహేను నాట్లు వీచే మధ్యాహ్నంపూట, మీ ఇంటిల్లిపాదినీ ఎక్కించి పరీక్షకి అడగండి. ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకండి. కొన్నాక ఉదయాన్నే వెళ్ళి, మధ్యాహ్నపు గాలి లేచేలోపు రండి. వాతావరణ శాఖ చిన్న పడవలకి హెచ్చరిక ఇచ్చిన రోజున బోటు ట్రెయిలరు మీదే ఉండనివ్వండి. జెట్టీ రాళ్ళు కనిపించగానే బోటు వెనక్కి తిప్పండి.